పాత కెమెరాలో కరిగిన ఫోమ్

ప్రశ్న: మా నాన్నగారి పాత ఫిల్మ్ కెమెరా పెంటాక్స్ కె1000తో ఆర్కే బీచ్‌లో తీసిన ఫొటోల అంచుల్లో ఎర్రటి చారలు పడ్డాయి. వెనుక మూత చుట్టూ ఉన్న ఫోమ్ వేలికి తారులా అంటుకుంటోంది. నేనే మార్చుకోవచ్చా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా మార్చుకోవచ్చు. మూత సందుల్లోంచి వెలుతురు లోపలికి రాకుండా ఆపేది ఆ ఫోమే; అది పాడైతే వెలుతురు ఫిల్మ్ మీద పడి ఇలాంటి చారలు వస్తాయి. పాలీయురెథేన్ ఫోమ్ గాలిలోని తేమకు ఏళ్ల తరబడి విచ్ఛిన్నమై జిగురుగా మారుతుంది కనుక, సముద్రపు ఒడ్డున ఉన్న మీ ఊరిలో అందులో వింతేమీ లేదు. వెదురు పుల్ల కొసను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, ముక్కలు లోపలికి రాలకుండా కెమెరాను బోర్లించి పట్టుకుని, పాత ఫోమ్ ఉన్న గాడిని ఓపికగా గీకండి. గుడ్డతో చేసిన షట్టర్ తెరను మాత్రం పొరపాటున కూడా తాకకండి. కొత్త ఫోమ్ పట్టీ జిగురు వైపును నీటితో కొద్దిగా తడిపితే వెంటనే అతుక్కోదు, సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది. మడతబందు దగ్గర కాస్త మందమైన పట్టీ వేయండి. అద్దం పైనున్న ఫోమ్‌ను ఇప్పుడే ముట్టుకోవద్దు. దాని పక్కనే ఫోకసింగ్ స్క్రీన్ (మనం చూసే దృశ్యం ఏర్పడే పలక) ఉంటుంది, ఆల్కహాల్ పడితే అది పాడవుతుంది.