సందేహాలు – సమాధానాలు: జెడ్డిగెమా, జడ్డిగమా?

సందేహం: మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్. పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద చెక్కలో తొలిచిన గిన్నెలాంటిది ఒకటి దొరికింది. ఎత్తు జానెడు ఉంటుంది. పైన వెడల్పు, కిందికి పోనుపోను సన్నం. లోపల అడుగున మూడు తూట్లు, బయట నడుము చుట్టూ ఒక గాడి. ఇంట్లో ఒకరు దీపపు సెమ్మె అంటే, ఇంకొకరు మురుకుల గొట్టం అన్నారు. మా అవ్వ మాత్రం చూడగానే ‘జెడ్డిగెం’ అంది. పక్కింటి మరాఠీవాళ్లు ‘చాడే’ అన్నారు. ఇంతకూ ఇదేమిటి? ‘జెడ్డిగెం’ సరైన మాటేనా, లేక అవ్వ నోట అరిగిపోయిన మాటా? ‘చాడే’కూ మన ‘చాడీలు చెప్పడా’నికీ చుట్టరికం ఉందా? బడిలో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నారు, చీటీ మీద ఏమని రాయాలి?

సమాధానం: మీ అవ్వ చెప్పిందే సరి. అది విత్తనాల గొర్రుకు, అంటే ఎడ్లు లాగుతుంటే సాళ్లలో గింజలు పెట్టే పళ్ల పనిముట్టుకు, కట్టే గింజల గిన్నె.

అయినా ఒకసారి మీ చేత్తో పరీక్షించి చూడండి. మూడు చీపురుపుల్లలు తీసుకుని గిన్నె లోపలినుంచి ఒక్కో తూటులోకి ఒక్కోటి దూర్చండి. పుల్లలు నిట్టనిలువుగా దిగకుండా తలోవైపుకు వాలి బయటికి వస్తే అది జడ్డిగమే. గొర్రు పళ్లు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ఒక్క గిన్నెలోంచి బయలుదేరిన వెదురు గొట్టాలు ఆ పళ్లదాకా ఏటవాలుగా పోవాలి గనుక తూట్లను కూడా ఏటవాలుగానే తొలుస్తారు. మురుకుల గొట్టం తూట్లు ఎప్పుడూ నిలువుగానే ఉంటాయి, పైగా దానికి లోపల ఒత్తే కర్ర ఉండాలి. సెమ్మెకు తూట్లతో పనే లేదు, నూనె మరక మాత్రం తప్పకుండా ఉంటుంది.

తర్వాత అడుగున మూడు తూట్ల నడుమ వేలు పెట్టి తడమండి. అక్కడ చెక్క కొంచెం ఉబ్బెత్తుగా, మొనదేలి ఉంటుంది. పనితనమంతా ఆ మొనలోనే ఉంది. పిడికిట్లోంచి జారిన గింజ దానిమీద పడి మూడు వైపులకూ సమంగా చీలుతుంది. ఆ మొన అరిగినా, గిన్నె ఒక పక్కకు ఒరిగినా ఒక సాలులో గింజ ఒత్తుగా, ఇంకో సాలులో పలచగా పడుతుంది. మొలక వచ్చాక గాని ఆ తేడా కంటికి కనబడదు. బయటి గాడి తాడు కోసం. గిన్నె కదలకుండా ఆ గాడిలోనే బిగించి గొర్రుకు కడతారు.

ఇక మాట సంగతి. పుస్తకాల రూపం ‘జడ్డిగము’, వాడుకలో ‘జడ్డిగం’. ఇందులోది ‘జడ’లో పలికే దంత్య ‘జ’. తెలంగాణలోనూ, దాన్ని ఆనుకున్న మీ వైపూ ఇలాంటిచోట ‘జ’ పక్కనున్న అకారం ఎకారమవుతుంది. ‘జర ఆగు’ను ‘జెర ఆగు’ అంటారు, ‘జల్ది’ని ‘జెల్ది’ అంటారు. ‘సంఘం’ ‘సంగెం’ అయినట్టే చివరి ‘గం’ ‘గెం’ అయింది. మొదలూ చివరా రెండుచోట్లా నియమం ప్రకారమే మారిన మాట అది. అరిగిన మాట అనకండి. కోస్తావాళ్లకు ఈ మాట వినగానే ‘జడ్డి’ గుర్తొచ్చి నవ్వు రావచ్చు. మందబుద్ధిని చెప్పే ఆ జడ్డికీ ఈ గిన్నెకూ సంబంధం లేదు.

‘చాడే’ అచ్చమైన మరాఠీ మాట. ‘చాడ్యావర్ మూఠ్’ అంటే చాడే మీద పిడికిలి, అంటే విత్తడం మొదలుపెట్టడం. మీ చాడీల అనుమానానికి జవాబు కూడా మరాఠీలోనే దొరుకుతుంది. కొండేలు చెప్పడాన్ని వాళ్లు ‘చహాడీ’ అంటారు. మన ‘చాడీ’కి జోడు అదే, చాడే కాదు. అలాగే జడ్డిగానికీ చాడేకీ మొదట్లో కాస్త పోలిక వినిపించినంత మాత్రాన రెండూ ఒకటేనని కలిపేయకూడదు. ఒకే పొలంలో ఒకే గిన్నెకు రెండు భాషలవాళ్లు పెట్టుకున్న రెండు పేర్లుగా తీసుకుంటే చాలు.

గొర్రు పేర్లలోనూ ఇలాంటి తేడాయే ఉంది. మనకు అవి ‘పళ్లు’, మరాఠీవారికి ‘ఫణ’లు. దువ్వెనను వాళ్లు ‘ఫణీ’ అంటారు. మూడు ఫణలున్నది ‘తిఫణ’, రెండున్నది ‘దుఫణ’, నాలుగున్నది ‘చౌఫణ’. మీ గిన్నెకు మూడు తూట్లున్నాయి కాబట్టి అది తిఫణది, మన మాటలో మూడు పళ్ల గొర్రుది. (గొర్రు వేరు, గొర్రె వేరు. బడిపిల్లలు చీటీలో తారుమారు చేసే ప్రమాదం ఉంది.)

మీ ఊరి రూపం పదకోశాల్లో కనబడలేదని దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీసినప్పుడు దెగ్లూర్ బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. అదే తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. ఆదిలాబాదులోని కిన్వట్ అటు పోయింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం 1962లో వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల మాటల సేకరణ. అప్పటికే మీ అవ్వగారి ఊరు గీతకు అవతల ఉంది. గీత అవతలున్నంత మాత్రాన మాట మరాఠీ అయిపోదు.

చీటీ మీద కొందరు ‘విత్తనాల గరాటు’ అని రాస్తుంటారు. అది తప్పు. గరాటుకు కింద ఒకటే మూతి ఉంటుంది, పోసిందల్లా తనంతట తానే జారిపోతుంది. జడ్డిగంలో గింజలు నింపిపెట్టరు. ఒడిలోంచి పిడికెడు తీసి, పిడికిలిని సరిగ్గా గిన్నె నడిమధ్యన ఉంచి, బొటనవేలితో కొద్దికొద్దిగా వదులుతూ గొర్రు వెంట నడుస్తారు. ఎకరానికి జొన్న మూడు నాలుగు కిలోలే కాబట్టి ఎంత పడాలన్నది ఆ చేతి లెక్క. ఎడ్లు వడిగా నడిస్తే చేయీ వడిగా వదలాలి. గట్టు దగ్గర మలుపులో చేయి ఆపకపోతే ఒక్కచోటే కుప్ప పడుతుంది. నేలలో పదును (తడి) ఎక్కువై గొట్టం మొనలో బురద ఇరుక్కుంటే ఆ గొట్టం నిండి, గింజ తూటులోనే నిలబడిపోతుంది. వెంటనే గొర్రు లేపి పుల్లతో పొడవాలి, లేకుంటే ఆ సాలంతా ఖాళీ. పత్తి గింజకు నూగు ఉంటుంది గనుక ఒకదానికొకటి అంటుకుని తూట్లోంచి దిగదు. అందుకని పేడా మట్టీ కలిపి రుద్ది, ఆరబెట్టి, విడివిడిగా అయ్యాక పోసేవారు.

ఈ పనికి తెలుగు క్రియ ‘వెదపెట్టడం’. చేత్తో విసిరితే ‘వెదజల్లడం’. ‘వెద’ అంటే విత్తనం, తమిళంలో దీని తోబుట్టువు ‘విదై’. మల్లెలు పరిమళం వెదజల్లాయని రాసేటప్పుడు మనం పొలంలో గింజలు చల్లే మాటనే వాడుతున్నామన్నమాట. జడ్డిగంతో వెదజల్లారని మాత్రం రాయకండి, జడ్డిగం ఉన్నదే చల్లకుండా సాళ్లలో పెట్టడానికి.

ప్రదర్శనకు ముందు గిన్నెను నీళ్లలో నానబెట్టవద్దు, ఆరేటప్పుడు పగులుతుంది. తూట్లను గరుకు కాగితంతో రుద్దవద్దు. గింజలు జారి జారి వచ్చిన ఆ నునుపే దాని వాడకానికి సాక్ష్యం. జొన్నకు కాటుక తెగులు రాకుండా విత్తనానికి గంధకపు పొడి పట్టించేవారు కాబట్టి పసుపుపచ్చని పొడి కనిపిస్తే పొడిగుడ్డతో తుడవండి, వంటింట్లో మాత్రం వాడకండి.

చీటీ మీద ఇలా రాయండి: ‘జెడ్డిగెం (జడ్డిగం). మరాఠీలో చాడే. మూడు పళ్ల గొర్రుకు కట్టి గింజలు వెదపెట్టే చెక్కగిన్నె. దెగ్లూర్.’ మీ అవ్వ పలికిన రూపమే ముందు ఉండాలి. గిన్నెను బోర్లించకుండా పిల్లల కంటికి లోపలి తూట్లు కనబడే ఎత్తులో పెట్టి, ఆ మూడు చీపురుపుల్లల్నీ అలాగే ఉంచేయండి.