పాఠకుల ప్రశ్నలు: శీర్షికలు బొమ్మలైతే విషయసూచిక ఎలా?

ప్రశ్న: అయ్యా, అనంతపురం జిల్లా పల్లెల మీద మా నాన్నగారు రాసిన కథల సంపుటిని ఈబుక్‌గా మారుస్తున్నాను. అచ్చుపుస్తకంలో ప్రతి కథ పేరునూ మా ఊరి బోర్డుల పెయింటరు కుంచెతో రాసి ఇచ్చాడు. ఆ అక్షరాలంటే నాన్నగారికి ప్రాణం. అందుకే వాటిని స్కాన్ చేసి ఈబుక్‌లోనూ బొమ్మలుగానే ఉంచాను. కథలు చక్కగా వచ్చాయి గానీ, సిజిల్ అనే ఈబుక్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో విషయసూచిక తయారు చేయమంటే ఒక్క పేరు కూడా రావడం లేదు. బొమ్మలు తీసేయడం తప్ప వేరే దారి లేదా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: బొమ్మలు తీసేయనక్కర లేదు. ఆ పెయింటరు చేతిరాత ఆ పుస్తకంలో భాగమే కాబట్టి దాన్ని కాపాడుకోవాలన్న మీ ఆలోచన సరైనది. అయితే ‘ఏరొచ్చిన రాత్రి’ అన్న పేరు మన కంటికి బొమ్మలో స్పష్టంగా కనిపిస్తున్నా, సాఫ్ట్‌వేర్‌కు అది కొన్ని నలుపు తెలుపు చుక్కల ఫైలు మాత్రమే. అందువల్ల ప్రతి బొమ్మతోపాటు ఆ కథ పేరును అక్షరాలుగా కూడా పుస్తకంలో ఒకచోట రాసి ఉంచాలి.

సిజిల్ విషయసూచికను శీర్షిక ట్యాగుల నుంచి, అంటే ఫైలులో ‘ఇది శీర్షిక’ అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే హెచ్1 (h1) మొదలు హెచ్6 (h6) వరకు ఉన్న గుర్తుల నుంచి తయారు చేస్తుంది. మీరు చొప్పించిన బొమ్మలు మామూలు పేరా (p) ట్యాగులోనో డివ్ (div) ట్యాగులోనో ఉండి ఉంటాయి. అందుకే దానికి మీ పుస్తకంలో శీర్షిక అన్నదే దొరకలేదు. ఈ ట్యాగులన్నీ కనిపించే కోడ్ వ్యూలోకి వెళ్లి బొమ్మ చుట్టూ ఉన్న పేరా ట్యాగును హెచ్1గా మార్చండి. తర్వాత ఆ హెచ్1 ట్యాగులోనే టైటిల్ (title) అనే గుణాన్ని చేర్చి, కొటేషన్ గుర్తుల మధ్య కథ పేరును టైపు చేయండి. శీర్షిక ట్యాగులో టైటిల్ ఉంటే సిజిల్ దానినే సూచికలోకి తీసుకుంటుంది. లోపలి బొమ్మ ట్యాగులో ఆల్ట్ (alt) అనే గుణానికి కూడా అదే పేరు ఇవ్వండి. అన్ని కథలకూ ఇలా చేశాక టూల్స్ మెనూలో విషయసూచిక తయారుచేసే ఆదేశాన్ని మళ్లీ ఇస్తే, కథల పేర్లు వరుసగా కనిపిస్తాయి.

ఆల్ట్‌ను చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేకపోతే ‘శీర్షిక బొమ్మ’ అని రాసి ఊరుకుంటారు. చూపు లేని పాఠకులు ఫోనులో టాక్‌బ్యాక్ వంటి సదుపాయంతో పుస్తకం వింటున్నప్పుడు, బొమ్మ దగ్గరకు రాగానే వారికి వినిపించేది ఈ ఆల్ట్‌లో ఉన్న మాటే. ‘శీర్షిక బొమ్మ’ అని వినిపిస్తే వారు ఏ కథలోకి అడుగుపెట్టారో వారికి ఎలా తెలుస్తుంది? బొమ్మలో ఏ అక్షరాలు ఉన్నాయో సరిగ్గా అవే అక్షరాలు అక్కడ ఉండాలి. సూచిక సరిపోయింది కదా అని ఈ పని వదిలేయవద్దని నా విన్నపం.

సూచికను చేత్తోనే రాసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. సిజిల్‌లోనూ, కాలిబర్ అనే మరో ఈబుక్ సాఫ్ట్‌వేర్‌లోనూ సూచికను నేరుగా సవరించే వీలుంది. కాలిబర్‌లో పుస్తకంలోని ఏ చోటునైనా ఎంచుకుని దానికి పేరు పెట్టవచ్చు. పది కథల పుస్తకానికి అది సులువే. కానీ రేపు ఒక కథను ముందుకు జరిపి సూచికను మళ్లీ తయారు చేయమంటే, పాత సూచిక పోయి శీర్షిక ట్యాగుల్లో ఉన్నదే కొత్తగా వస్తుంది. మీరు చేత్తో రాసిన పేర్లు మిగలవు. పేరు శీర్షిక ట్యాగులోనే ఉంటే ఆ బాధ ఉండదు. బొమ్మ పైన మామూలు అక్షరాల శీర్షిక ఒకటి పెట్టి, దాన్ని కనిపించకుండా దాచే పద్ధతి కూడా ఒకటి ప్రచారంలో ఉంది. పేజీలో చోటే లేని శీర్షికకు లంకె ఇస్తే కొన్ని రీడర్ యాప్‌లు సరైన చోటికి తీసుకుపోవు కనుక దాన్ని నేను సిఫారసు చేయను.

మీ దగ్గర అచ్చుపుస్తకాన్ని కంపోజ్ చేసిన నాటి పేజ్‌మేకర్ ఫైళ్లు ఉంటే మరో జాగ్రత్త అవసరం. ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన పేరును అక్కడి నుంచి కాపీ చేసి టైటిల్‌లో అతికించకండి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం రూపం మాత్రమే తెలుగు. లోపల దాచిన సంకేతాలు ఇంగ్లీషు అక్షరాలవీ, ఇతర గుర్తులవీ. కథ లోపలి పాఠానికైతే ఆ ఫాంటును పుస్తకంలో పొదిగి ఎలాగో నెట్టుకురావచ్చునేమో గానీ, విషయసూచిక మెనూను రీడర్ యాప్ తన సొంత ఫాంటుతో చూపిస్తుంది. అక్కడ ‘కరువు మేత’కు బదులు అర్థం లేని గుర్తుల గుంపు కనిపిస్తుంది. పేర్లన్నీ యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే తెలుగు సంకేతాల్లో, కొత్తగా టైపు చేసుకోవడమే మేలు. ఒక కథల సంపుటికి అది అరపూట పని కూడా కాదు.

ఇక బొమ్మల సంగతి. వెనుక రంగు లేకుండా నల్లని అక్షరాలు మాత్రమే ఉన్న పీఎన్‌జీ బొమ్మలు పగలు అందంగా కనిపిస్తాయి. పాఠకుడు రాత్రి పూట నల్లని పేజీకి మార్చగానే నలుపులో నలుపు కలిసి శీర్షిక మాయమవుతుంది. తెల్లని నేపథ్యం అలాగే ఉంచండి. బొమ్మ వెడల్పును పిక్సెళ్లలో కాకుండా శాతంలో ఇస్తే చిన్న ఫోనులోనూ, పెద్ద ట్యాబ్‌లోనూ ఇమిడిపోతుంది.

చివరగా ఫైలును, ఈబుక్ ఫైళ్లలో తప్పులు వెతికే ఈపబ్‌చెక్‌తో ఒకసారి పరీక్షించండి. ఈపబ్ 3 అనే ఈబుక్ ఫార్మాట్‌లో విషయసూచిక న్యావ్ అనే ఫైలులో ఉంటుంది. అందులో ఏ లంకెకైనా పేరు ఖాళీగా ఉంటే ఈపబ్‌చెక్ దాన్ని తప్పుగా చూపిస్తుంది. ఏదైనా బొమ్మకు పేరు ఇవ్వడం మరిచిపోయి ఉంటే ఇక్కడ బయటపడే అవకాశం ఉంది.

ప్రశ్న: మా అమ్మమ్మ పాడిన పెళ్లి పాటలను సేకరించి ఈబుక్‌గా తెస్తున్నాను. పాటల పేర్లు ఆకర్షణగా ఉండాలని వాటిని బొమ్మలుగా చేయించాలనుకుంటున్నాను. సరైన పనేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: తాడిపత్రి పాఠకుడి దగ్గర ఉన్నది ఒక చిత్రకారుడి చేతిరాత, దానికి బదులు మరొకటి లేదు. మీరు కొత్తగా తయారు చేయించబోతున్నారు కాబట్టి బొమ్మలు వద్దమ్మా. రామభద్ర, ధూర్జటి, పెద్దన, లక్కిరెడ్డి వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, పుస్తకంలో పొదగడానికి వాటి లైసెన్సు అనుమతిస్తుంది. నచ్చిన ఫాంటును సిజిల్‌లో ఫాంట్ల ఫోల్డరులో చేర్చి, పుస్తకం రూపాన్ని నిర్ణయించే స్టైల్ షీటులో హెచ్1కు ఆ ఫాంటును కేటాయించండి. పాట పేరు నిజమైన అక్షరాలుగా ఉంటుంది కనుక సూచిక ఏ అదనపు శ్రమ లేకుండా తయారవుతుంది, పాఠకులు వెతికితే పేరు దొరుకుతుంది. కొన్ని యాప్‌లలో పాఠకుడు తనకు ఇష్టమైన ఫాంటు పెట్టుకుంటే మీ అలంకారం కనిపించకపోవచ్చు గానీ, పాట పేరు మాత్రం చెక్కుచెదరదు. ప్రచురించే ముందు ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి సంయుక్తాక్షరాలు ఉన్న పేర్లను రెండు మూడు ఫోన్లలో తెరిచి, వత్తులు సరిగా కూర్చున్నాయో లేదో చూసుకోండి.