హెమటైట్ ఎలక్ట్రోడ్‌కి కోబాల్ట్ పూత వేసే ముందు ఈ పరీక్ష చేయండి

నల్లగొండలో ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తున్నాననీ, ఎండతో నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే హెమటైట్ ఫిల్మ్‌లో (గాజు మీద పెంచిన పలుచటి ఐరన్ ఆక్సైడ్ పొర) కరెంటు మైక్రోఆంపియర్లు దాటట్లేదనీ, కోబాల్ట్ ఫాస్ఫేట్ పూత వేస్తే పెరుగుతుందా అనీ అడిగారు. నేను మహబూబ్‌నగర్‌లో ఇదే పదార్థంతో పనిచేశాను. నష్టం ఎక్కడ జరుగుతోందో తెలియకుండా పూత వేయకండి.

హెమటైట్ బ్యాండ్ గ్యాప్, అంటే అందులో ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి, సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. లెక్క ప్రకారం ఎండలో చదరపు సెంటీమీటరుకు 12.6 మిల్లీఆంపియర్లు రావాలి. రావు. కాంతికి పుట్టిన హోల్ (ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన ఖాళీ, నీటితో చర్య జరపాల్సింది ఇదే) 2 నుంచి 4 నానోమీటర్లు పోయేలోపే ఎలక్ట్రాన్‌తో కలిసిపోతుంది. పైకి చేరినవి కూడా నీటితో చాలా నెమ్మదిగా చర్య జరుపుతాయి. పూత బాగుచేసేది ఈ రెండోదాన్నే.

ఏది మీ సమస్యో తేల్చడానికి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 0.5 మోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి మళ్లీ కొలవండి. క్షారంలో అది నిలవదు, బుడగలొస్తుంటాయి, కాబట్టి కలిపిన వెంటనే కొలవాలి. చీకట్లో వచ్చే కరెంటును లెక్కలోంచి తీసేయండి. పెరాక్సైడ్ పైకి వచ్చిన హోల్స్‌ని ఇట్టే పట్టేస్తుంది. కరెంటు ఒక్కసారిగా లేస్తే లోపం ఉపరితలంలో ఉన్నట్టు, అప్పుడు కోబాల్ట్ పూత వేయండి. పెద్దగా లేవకపోతే లోపం ఫిల్మ్ లోపలే. కాంతిని ఒకసారి గాజు వైపు నుంచి, ఒకసారి ద్రావణం వైపు నుంచి వేసి చూడండి. గాజు వైపు నుంచే బాగా ఎక్కువ వస్తే, ఎలక్ట్రాన్లు ఫిల్మ్ దాటి వెనక్కి చేరలేకపోతున్నాయని అర్థం.

నాకు అసలు తేడా కనిపించింది వేడి దగ్గరే. ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఎఫ్‌టీఓ గాజు (కరెంటు పారే టిన్ ఆక్సైడ్ పూత ఉన్న గాజు) మీద పెంచిన పసుపు పొర 550 డిగ్రీల దగ్గర ఇటుక రంగుకు తిరుగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కరెంటు మాత్రం ఇవ్వదు. 800 దగ్గర కొద్ది నిమిషాలు ఉంచితే గాజు పూతలోని టిన్ హెమటైట్‌లోకి చొచ్చుకుపోయి వాహకత పెంచుతుంది. ఎక్కువసేపు ఉంచితే గాజు వంగిపోతుంది, ఎఫ్‌టీఓ కూడా దెబ్బతింటుంది.

ఇంకోటి, బోరు నీళ్లు వాడకండి. కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీళ్లలో సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే తెల్లగా మడ్డి కట్టి ఫిల్మ్ మీద పేరుకుంటుంది. డబుల్ డిస్టిల్డ్ వాటరే తీసుకోండి.

పెరాక్సైడ్‌తో, అది లేకుండా తీసిన గ్రాఫులు రెండూ పెడితే చూసి చెబుతాను. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (వోల్టేజీని దేనితో పోల్చి కొలిచారో అది) ఏదో, పీహెచ్ ఎంతో కూడా రాయండి.