కాఫీ ఆకుల మీద పాచి పట్టింది, మందు కొట్టాలా?

ప్రశ్న: విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో అనంతగిరి దగ్గర మాకు అరబికా కాఫీ తోట ఉంది సార్. వానలు పడ్డాక నీడ కోసం ఉంచిన పనస చెట్ల బెరడు మీద గోధుమ రంగులో, కాఫీ ముదురాకుల మీద పచ్చగా ఏదో అతుక్కుని పెరుగుతోంది. పక్కన అడవి చెట్లకీ ఇదే ఉంది. షాపులో అడిగితే తెగులు అని కాపర్ మందు కొట్టమన్నారు. కొట్టాలా?

జవాబు: ముందు ఆ మందు కొనకండి. మీరు పంపిన ఫోటోల్లో కనిపిస్తున్నది లివర్‌వర్ట్ అండీ, నాచుకి దగ్గరి చుట్టం. దీనికి వేర్లుండవు, సన్నటి పోగులతో బెరడుని పట్టుకుని ఉంటుంది అంతే, చెట్టు రసం తాగదు, వాన నీళ్లు, మంచు, గాలిలో దుమ్ముతోనే బతికేస్తుంది. చెట్ల కొమ్మల మీద పెరిగే బదనిక మొక్క అలా కాదు, అది కొమ్మలోకి దిగి తినేస్తుంది కాబట్టి కనిపిస్తే కొమ్మతో సహా కొట్టేయాల్సిందే.

డౌట్ ఉంటే ఆకు మీద గోరుతో మెల్లగా గీకండి. పచ్చపొర ఊడొచ్చి కింద ఆకు శుభ్రంగా ఉంటే లివర్‌వర్టే. ఆకు అడుగున నారింజ పొడి వేలికి అంటితే మాత్రం అది తుప్పు తెగులు, దానికి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) కావాలి.

అయితే ఇది ఆకుల మీదకి కూడా వచ్చిందంటే తోటలో తడి ఎక్కువసేపు ఆరట్లేదని అర్థం, నాకు అసలు భయం అక్కడే, ఎందుకంటే నల్లకుళ్లు తెగులుకి కూడా అదే వాతావరణం కావాలి. ఇప్పుడు మొక్క మధ్యలో గుబురు తీసి గాలి ఆడనివ్వండి, వచ్చే ఏడాది వానలకి ముందే నీడ చెట్ల కింది కొమ్మలు కొన్ని కొట్టించండి. మొత్తం నరికేయొద్దు, ఎండాకాలం ఆ నీడ లేకపోతే అరబికా తట్టుకోలేదు.

కాఫీ కాండం మీద దట్టంగా పట్టి ఉంటే కొబ్బరి పీచు గ్లౌజుతో రుద్దేయండి, కత్తి మాత్రం పెట్టొద్దు. ఎలాగూ కాండం తొలుచు పురుగు బెరడు పగుళ్లలో గుడ్లు పెట్టకుండా ఆ పని చేయాల్సిందే కదా. పనస మీద ఉన్న గోధుమ రంగుది ఫ్రుల్లానియా అనే రకం లివర్‌వర్ట్‌లా ఉంది, అది కొందరి ఒంటికి పడదు, దద్దుర్లు వస్తాయి, అందుకే దాని జోలికి వెళ్లకండి. అడవి చెట్లకి ఉన్నది కూడా అలాగే వదిలేయండి, వాటికి నష్టమేం లేదు.

గీకిన చోట ఆకు మాడి కనిపిస్తే రెండు వైపులా ఫోటో తీసి పంపండి, ఈసారి కాస్త వెలుతురులో.