ఆంబోతు ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

ఉక్రెయిన్ యుద్ధం మీద నువ్వు రాసిన వ్యాసం అంది పది రోజులైంది. మొదటిసారి చదివి కోపమొచ్చి పక్కన పెట్టేశాను. కోపంలో జాబు రాయకూడదని ఆగాను. నిన్న రాత్రి మళ్ళీ తీశాను. కోపం తగ్గలేదు గానీ, అది ఎక్కడ మొదలైందో దొరికింది.

నీ మొదటి వాక్యంలోనే ఉంది. "ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు, అగ్రరాజ్యాల పోరులో ఉక్రెయిన్ నలిగిపోతోంది." సామెతతో మొదలుపెడితే నుడికారం ఉంటుందని పెట్టి ఉంటావు. కానీ ఆ సామెతకి రెండు ఆంబోతులు కావాలి నాయనా. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున సరిహద్దు దాటించి పక్కదేశంలోకి ట్యాంకులు నడిపింది రష్యా ఒక్కటే. రెండో ఆంబోతు ఎక్కడుంది? నాటో విస్తరణ, అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి రష్యా వైపు పెరగడం అంటావు, ఆరో పేజీలో అన్నావు కూడా. సరే, దాని గురించి వాదించుకుందాం, వాదించుకోదగ్గ విషయమే. కానీ కారణం వేరు, కర్త వేరు. కారణాలు వంద ఉండొచ్చు. ట్యాంకు నడపమని ఆజ్ఞ ఇచ్చినవాడు ఒక్కడే ఉంటాడు. పుతిన్ పేరు నీ పదహారు పేజీల్లో మూడుసార్లే వచ్చింది. "యుద్ధం వచ్చింది" అన్న మాట మాత్రం పదకొండుసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను. వాన వచ్చినట్టు, వరద వచ్చినట్టు.

నా పట్టుదల ఇక్కడే చెప్పేస్తాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి తెలుగు చెప్పినవాణ్ణి. మన భాషలో కూలు ఉంది, కూల్చు ఉంది. కాలు ఉంది, కాల్చు ఉంది. విరుగు, విరుచు. చచ్చు, చంపు. ఒక్క అక్షరం తేడాతో కర్త మాయమైపోతాడు. "మరియుపోల్‌లో థియేటర్ కూలింది" అని రాశావు. అది కూలలేదు. 2022 మార్చి 16న రష్యా విమానం బాంబు వేసి కూల్చింది. లోపల వందల మంది తలదాచుకుని ఉన్నారు. ఆ భవనానికి ముందూ వెనకా నేల మీద, ఆకాశంలోంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో, రష్యన్ భాషలో "పిల్లలు" అని రాసిపెట్టారు. పైలట్‌కి అర్థమవ్వాలని అతని భాషలోనే రాశారు. ఆ అక్షరాలు రాసినవాళ్ళు ఎంత నమ్మి రాసి ఉంటారో ఒక్క క్షణం ఆలోచించు. తర్వాత నీ "కూలింది" మళ్ళీ చదువుకో.

ఇది వ్యాకరణం గొడవ అనుకోకు. నువ్వు వ్యాసమంతా అడిగిన ప్రశ్న, ఒక నియంత పక్కదేశం మీద పడితే ప్రజాస్వామ్య దేశాలు ఏం చేయాలి అన్నది. అవి చేసే మొదటి పని ఒక వాక్యం రాయడమే. ఆ వాక్యంలో కర్త ఉంటే తర్వాత చేయాల్సిన పనులు కనిపిస్తాయి. లేకపోతే "ఉభయులూ సంయమనం పాటించాలి" దగ్గరే ఆగిపోతారు.

నాకు పదకొండేళ్ళప్పుడు మా ఊళ్ళో మోతుబరి గారి ఆంబోతు మా చేలో పడింది. నాన్న పోయి అప్పటికి ఏడాది. ఎకరం పొలంలో వరి కోశాక మినుము చల్లింది అమ్మ. కాయ పట్టే వేళ. పొద్దున్నే నేనూ వెళ్ళాను. సగం చేను నేలకి అణిగిపోయి ఉంది. తడి మట్టిలో గిట్టల గుంటలు, గుంటల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో పచ్చి మినప కాయలు తేలుతున్నాయి. అమ్మ ఏడవలేదు. పలుపు తెచ్చి, ఇద్దరు కూలీల సాయంతో ఆంబోతుని బందెలదొడ్డికి తోలించింది. సాయంత్రం పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, "పశువు కదమ్మా, దానికేం తెలుసు. ఇద్దరూ ఒక మాట అనుకుని సర్దుకోండి" అన్నారు. అమ్మ గడప దగ్గర నిలబడి ఒకటే అడిగింది. "నేను ఎవరి చేలో పడ్డానండీ, సర్దుకోవడానికి?"

ఎవరూ జవాబు చెప్పలేదు.

బందెలదొడ్డి అంటే నీ తరానికి తెలుసో లేదో. పరాయి చేలో మేసిన పశువుని అందులో కట్టేస్తారు. సొంతదారు జరిమానా కట్టి విడిపించుకోవాలి. ఉక్రెయిన్ విషయంలో ప్రజాస్వామ్య దేశాలు చేసిన పనుల్లో నాకు నచ్చినది సరిగ్గా అలాంటిదే. దండయాత్ర మొదలైన నాలుగైదు రోజుల్లోనే రష్యా కేంద్రబ్యాంకు విదేశాల్లో దాచుకున్న సుమారు 300 బిలియన్ డాలర్లని కదలకుండా కట్టేశారు. అందులో ఎక్కువ భాగం బెల్జియంలో, యూరోక్లియర్ అనే సంస్థ దగ్గర ఉంది. నువ్వు దీన్ని ఒక్క ముక్కలో "ఆర్థిక ఆంక్షలు విధించారు" అని దాటేశావు. అయ్యో, ఇక్కడే కదా ఆగాల్సింది! పశువుని కట్టేశారు, మరి పంట పోయినవాడికి జరిమానా సొమ్ము ఇస్తారా లేదా? అసలు సొమ్ము ముట్టుకుంటే రేపు మిగతా దేశాలు తమ దగ్గర డబ్బు దాచవేమో అని వాళ్ళ భయం. అందుకని 2024లో జీ7 అనే ఏడు సంపన్న దేశాలు ఆ సొమ్ము మీద వచ్చే రాబడిని చూపించి ఉక్రెయిన్‌కి 50 బిలియన్ డాలర్ల అప్పు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. అసలు సొమ్ము అలాగే ఉంచారు. తప్పో ఒప్పో నువ్వు తేల్చు, వ్యాసం నీది. కానీ పాఠకుణ్ణి ఆ దొడ్డి దాకా తీసుకెళ్ళు.

"ప్రజాస్వామ్యాలు స్వభావరీత్యా నెమ్మది" అని నువ్వన్న మాట కూడా నేను ఒప్పుకోను. ఆ డబ్బు కట్టేయడానికి వారం పట్టలేదు. మార్చి 4 కల్లా యూరోపియన్ యూనియన్, 2001 నుంచి చట్టంలో ఉండి ఒక్కసారీ వాడని, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకిచ్చే తాత్కాలిక రక్షణ ఏర్పాటుని బయటికి తీసింది. నలభై లక్షల మందికి పైగా దాని కింద ఇల్లు, బడి, పని చేసుకునే హక్కు దొరికాయి. చూశావా, నేనూ "దొరికాయి" అనేశాను. పోలండ్, జర్మనీ, చెక్ ప్రజలు ఇచ్చారు. తమ ఇళ్ళలో గదులు ఖాళీ చేసి ఇచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. కాబట్టి తలుచుకుంటే వేగం ఉంది.

ఆయుధాల దగ్గరికి వచ్చేసరికి అదే దేశాలు కాళ్ళీడ్చాయి. దండయాత్రకి నెల ముందు, సరిహద్దులో లక్షకి పైగా సైన్యం మోహరించి ఉండగా, జర్మనీ 5,000 హెల్మెట్లు పంపుతామంది. తర్వాత దిండ్లు పంపుతారా అని ఉక్రెయిన్ రాజధాని కీవ్ మేయర్ బాధతో అడిగాడు. తర్వాత రాకెట్ల గురించి భయపడ్డారు, 2022 జూన్‌కి ఇచ్చారు. ట్యాంకులు వద్దన్నారు, 2023 జనవరిలో సరేనన్నారు. ఎఫ్-16 యుద్ధవిమానాలు 2024 వేసవికి గాని చేరలేదు. ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని యూరప్ మాట ఇచ్చి, గడువుకి సగమే ఇవ్వగలిగింది. అమెరికాలో 61 బిలియన్ డాలర్ల బిల్లు 2023 శరత్కాలం నుంచి 2024 ఏప్రిల్ దాకా సభలో నానింది. ఆలోపు ఫిబ్రవరిలో అవ్దీవ్కా పట్టణం రష్యా చేతికి పోయింది. గుండ్లు లెక్కపెట్టుకుని కాల్చుకున్న సైనికుల ముందు ఆ బిల్లు మొత్తం ఎంతన్నది కాదు ప్రశ్న, తేదీ ఎప్పుడన్నది. నువ్వు "భారీ సాయం అందింది" అన్నచోటల్లా ఎవరు, ఎప్పుడు అని రాయి. అణుబాంబు బెదిరింపు ఉత్తిది కాదని నాకు తెలుసు, బెర్లిన్‌లో కూర్చుని నిర్ణయం తీసుకునేవాడి టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ చివరికి ఇచ్చేదే అయితే, ఆలస్యం చేసిన ఆ నెలల్లో చచ్చిపోయినవాళ్ళు... చూడు, చంపబడినవాళ్ళు ఎవరి లెక్కలోకి వస్తారు?

ఇదేమీ కొత్త జబ్బు కాదు. 1935 అక్టోబరులో ఇటలీ నియంత ముస్సోలినీ అబిసీనియా మీద, అంటే ఇప్పటి ఇథియోపియా మీద పడ్డాడు. ఇప్పటి ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది. చమురు మాత్రం వదిలేసింది. సూయజ్ కాలువ మూయలేదు. ఇటలీ ఓడలు సైన్యాన్ని అందులోంచే తీసుకెళ్ళాయి. మే నెలకల్లా రాజధాని అడిస్ అబాబా పోయింది. 1936 జూన్ 30న ఆ దేశ చక్రవర్తి హైలే సెలాసీ జెనీవాలో సమితి సభ ముందు నిలబడితే ఇటలీ విలేకరులు ఈలలు వేసి గోల చేశారు. ఆయన మాట్లాడటం ఆపలేదు. తర్వాతి నెలలో సమితి ఆ ఆంక్షలు కూడా ఎత్తేసింది. యుద్ధానికి ముందు జర్మనీ తను దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యా నుంచే కొనేదని నీకు తెలుసు, నువ్వే రాశావు. 1935ని దాని పక్కన పెట్టి చూడు. ఆంక్షల జాబితాలో చమురు ఎప్పుడూ చివరికే వస్తుంది.

"మనలాంటి దేశం ఏం చేయగలదు మాస్టారూ" అని ఉత్తరంలో అడిగావు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యా దాడిని తప్పుపట్టాయి, 5 వ్యతిరేకించాయి, 35 తటస్థంగా ఉండిపోయాయి. మనం ఆ 35లో ఉన్నాం. కారణాలు తెలియనివాణ్ణి కాను. మన సైన్యం చేతిలో రష్యా ఆయుధాలున్నాయి, ఆ రోజుకి ఉక్రెయిన్ నగరాలు ఖార్కివ్‌లో, సుమీలో చదువుకుంటున్న మన పిల్లలు బంకర్లలో ఉన్నారు. కీవ్ పక్కనున్న బుచా పట్టణం వీధుల్లో శవాలు బయటపడ్డాక మన ప్రతినిధి హత్యల్ని ఖండించాడు, స్వతంత్ర దర్యాప్తు కావాలన్నాడు. మంచిదే. చంపింది ఎవరో ఆ వాక్యంలో లేదు. నీ వ్యాసానికి తలమీద పెట్టుకున్న "ఇది యుద్ధాల యుగం కాదు" కూడా మంచి మాటే, ప్రధాని దాన్ని పుతిన్ ఎదుటే అన్నారు. అందులోనూ కర్త లేడు. యుద్ధానికి ముందు మనం కొనే ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం అటూఇటూగా ఉండేది. తర్వాత మూడోవంతు దాటింది. నా స్కూటర్‌లో పోసే పెట్రోలులో అది ఉందని తెలిసినప్పటి నుంచీ బంకు దగ్గర నాకు మనసు బాగుండదు.

ఇప్పుడు ఇంకో భారతదేశం సంగతి విను. 1936లో నెహ్రూ రోమ్ మీదుగా వస్తుంటే ముస్సోలినీ కలుద్దామన్నాడు. నెహ్రూ కలవలేదు. 1938లో, మన చేతిలో దేశ ప్రభుత్వం లేదు, సైన్యం లేదు, ప్రపంచ సభల్లో సొంత ఓటు లేదు. జపాన్ చైనాని చీలుస్తుంటే కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లని పంపింది. వాళ్ళలో కోట్నిస్ 1942లో అక్కడే చనిపోయాడు. ఏమీ లేనివాళ్ళు అయిదుగురిని పంపారు. "మనలాంటి దేశం" అని రాసేటప్పుడు ఏ దేశమో తేల్చుకుని రాయి.

నా గొడవ ఒకటి చెప్పకుండా ఉండలేను. మా తరం సోవియట్ పుస్తకాల మీద పెరిగింది. విశాలాంధ్ర వాళ్ళ వ్యాను వస్తే వెనకాల పరిగెత్తేవాళ్ళం. 'సోవియట్ భూమి' నున్నటి కాగితాలతో నోటుపుస్తకాలకి అట్టలు వేసుకున్నాం. ఆ పుస్తకాలు రాసినవాళ్ళలో కొందరు పుట్టింది ఉక్రెయిన్‌లో అని నాకు నలభై ఏళ్ళు దాటాక గాని తెలియలేదు. అంతా రష్యాయే అనుకున్నాను. 1979 డిసెంబరు చివర్లో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లోకి దిగినప్పుడు నాకు పాతికేళ్ళు. గుండె పగిలినంత పనైంది. ఇంటి ముందు ట్యాంకు ఆగితే, పొయ్యి మీద కుండ దించాలా వద్దా అని నిలబడిపోయిన ఒక ఇల్లాలి కథ రాశాను. ఒక వారపత్రిక "మిత్రదేశం మీద వద్దు" అని తిప్పి పంపింది. ఇంకో పత్రిక వేసింది. వేస్తూ, నన్ను అడక్కుండా, "సోవియట్ ట్యాంకు" అన్న మాటని "విదేశీ ట్యాంకు" చేశారు. అమ్మకి చదువు రాదు, పైకి చదివి వినిపించాను. అంతా విని, "ఏ విదేశం రా?" అంది. ఆ సంపాదకుడికి నేను జాబు రాయలేదు. రాసి ఉండాల్సింది. నలభై అయిదేళ్ళైనా అది నాకు మానలేదు. ఇప్పటివాళ్ళు అలా మార్చరు, "సమతూకం కోసం అవతలివైపు కూడా ఒక పేరా కలపండి" అంటారు. నిన్నూ అడుగుతారు. మా అరుగు మీద మజ్జిగ తాగినవాళ్ళు అడిగిందీ అదే. కలపకు.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకంగా వేయొచ్చా అన్నవి ఇంకోసారి.

నీ పదహారు పేజీల్లో నన్ను నిద్రపోనివ్వని వాక్యం ఒకటుంది, తొమ్మిదో పేజీలో. మెడిసిన్ చదువుతున్న మీ పెద్దనాన్న గారి అమ్మాయి పోలండ్ సరిహద్దు దాకా నడిచి వెళ్ళిన సంగతి. "దారిలో అక్కకి గ్లౌజులు దొరికాయి, ఇప్పటికీ ఒంగోల్లో బీరువాలో ఉన్నాయి" అని రాసి, వెంటనే నాటో గురించి మొదలుపెట్టావు. ఉన్ని గ్లౌజులు ఒంగోలు ఎండల్లో ఎవరికీ పనికిరావు, అయినా దాచుకుంది. అంత చలిలో, అంత జనంలో, గ్లౌజులు వాటంతటవే దొరకవు. ఎవరో తన చేతులకున్నవి తీసి ఇచ్చి ఉంటారు. ఎవరు? ఆడమనిషా, మగమనిషా, వయసెంత, ఏ ఊరి దగ్గర? ఇచ్చాక వాళ్ళూ సరిహద్దు దాటారా, వెనక్కి వెళ్ళారా? అక్కని అడుగు. ఫోన్‌లో వద్దు, వెళ్ళి, బీరువా తీయించి, గ్లౌజులు చేతిలో పట్టుకుని అడుగు. ఏం చెప్పిందో నాకు రాయి.

నీ
మాస్టారు