ఉర్దూ మీడియం నుంచి డిగ్రీకి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాప ఉర్దూ మీడియంలో ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. బీఎస్సీలో చేర్పించాం. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. నెల తిరక్కముందే మానేస్తానంటోంది. ఏం చేయాలి?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మాన్పించవద్దు. పాపకు సబ్జెక్టు వచ్చు, రానివి ఇంగ్లీషు పేర్లే. ఖలియా అంటే ఏమిటో, జియాయీ తాలీఫ్ ఆకులో ఎలా జరుగుతుందో చదివే వచ్చింది. క్లాసులో 'సెల్', 'ఫొటోసింథసిస్' అనేసరికి ఏదో కొత్త పాఠమనుకుని బెదిరిపోతోంది. నోటుబుక్కులో మూడు గళ్లు గీయించండి: ఉర్దూ పదం, ఇంగ్లీషు పదం, ఆ పదంతో చిన్న ఇంగ్లీషు వాక్యం. రోజుకు పది పదాలు చాలు. అయితే అవి రేపు చెప్పబోయే పాఠంలోవై ఉండాలి. పాఠం అయిపోయాక రాసుకుంటే క్లాసులో అర్థం కాని గంట ఎలాగూ పోయినట్టే. ఇంటర్ ఉర్దూ పుస్తకాలు అమ్మేయకండి. పక్కన ఇంగ్లీషు మీడియం పుస్తకం పెట్టుకుని ఒకే బొమ్మను రెండింట్లో చూస్తే పేర్లు త్వరగా పట్టుబడతాయి.

అసలు దెబ్బ తగిలేది పరీక్షలో. గైడు బట్టీపట్టిన పిల్లలు ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆగిపోతారు. 'డిఫైన్' అంటే ఒకటి రెండు వాక్యాల నిర్వచనం. 'డిస్టింగ్విష్' అంటే పట్టికలో తేడాలు. 'ఎక్స్‌ప్లెయిన్' అంటే ఎలా, ఎందుకు. ముందు బొమ్మ వేసి భాగాల పేర్లు రాయమనండి, ఆ తర్వాత ఐదారు చిన్న వాక్యాలు.

లెక్చరర్లకూ ఒక మనవి: ఈ పిల్లల్ని అందరి ముందు నిలబెట్టి ఇంగ్లీషు చదివించకండి. ఆ రోజు తలదించుకున్న పిల్ల మర్నాడు క్లాసుకు రాదు. ఉర్దూ మీడియం నుంచే వచ్చిన సీనియర్‌ను ఒకరిని తోడు చేయండి. కాలేజీలో దొరక్కపోతే, మీ ఊళ్లోనే 2016లో మొదలైన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం విద్యార్థులను అడగవచ్చు.

ప్రశ్న: పది మెమోలో 'షేక్' స్పెల్లింగు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. స్కాలర్‌షిప్ ఆగుతుందా?
– విద్యార్థిని, కడప

జవాబు: ఆగవచ్చమ్మా, ఇప్పుడే సరిచేయించుకో. మెమో జోలికి పోకుండా ఆధార్‌నే దానికి తగ్గట్టు మార్పించు. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు. అందుకే సెంటర్లో రసీదు ఇవ్వగానే అక్కడే నిలబడి అక్షరం అక్షరం చూసుకో. బీసీ-ఈ (ముస్లింలలో వెనుకబడిన వర్గాల కోటా) కింద దరఖాస్తు చేస్తుంటే కుల ధ్రువపత్రంలోనూ అదే స్పెల్లింగు ఉండాలి. తర్వాత బ్యాంకులో ఆధార్ సీడింగ్ (ప్రభుత్వ డబ్బు పడేందుకు ఖాతాకు ఆధార్ జతచేయడం) ఏ ఖాతాకు ఉందో అడుగు. రెండు ఖాతాలుంటే చివరిగా సీడింగ్ చేసిన దాంట్లోనే డబ్బు పడుతుంది. హాజరు 75 శాతానికి తగ్గనివ్వకు.