ఏడీహెచ్‌డీ ఉన్న బాబుకు నిద్ర గమ్మీలు ఇవ్వొచ్చా?

ఎనిమిదేళ్ల బాబు రాత్రి పన్నెండైనా పడుకోడు, మెలటోనిన్ (నిద్రవేళను ఒంటికి తెలిపే హార్మోన్) ఉన్న గమ్మీలు, అంటే నమిలే జెల్లీ బిళ్లలు కొనివ్వొచ్చా అని అడిగారు కదా. ముందు ఆ బాబును కాళ్ల సంగతి అడగండి.

మాది హనుమకొండ. మా వాడికీ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉంది. పడుకోబెడితే గడియారం ముల్లులా మంచమంతా తిరిగేవాడు. ఒకరోజు మా గల్లీలో బరాత్. రాత్రి పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నుంచే రూల్స్ ఉన్నాయి, పెళ్లివాళ్లకు అవి పట్టవు. ఒంటిగంట దాటాక డీజే ఆగింది కానీ మా వాడి కాళ్లు ఆగలేదు, గోడను తన్నుతూనే ఉన్నాడు. "కాళ్లు గుంజుతున్నయి నాయినమ్మా" అని ఏడుపు. మా అత్తమ్మ ఆ కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిసుకుతూ, "వీనికి నిద్ర రాక కాదు, కాళ్లే పండనిస్తలేవు. డాక్టరుకు గీ ముచ్చట చెప్పుండ్రి" అన్నది.

చెప్పాను. ఆయన ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూసే) రక్తపరీక్ష రాశారు, బాగా తక్కువ వచ్చింది. ఐరన్ సిరప్ ఇచ్చి, చాయ్ బంద్ చేయించమన్నారు. మా ఇళ్లల్లో పిల్లలకు కూడా చాయ్‌లో బిస్కెట్లు ముంచి పెడతాం కదా. తిండితో పాటు తాగితే అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, పైగా అందులో కెఫీన్. కొన్ని నెలలకు కాళ్లు సర్దుకున్నాయి, నిద్ర దారికొచ్చింది. అల్లరి మాత్రం ఎప్పటిలాగే ఉంది! ఐరన్ కూడా పరీక్ష లేకుండా పోయకండి, మోతాదు మించితే పిల్లలకు విషమే. సీసా అందకుండా పెట్టండి.

ఇక గమ్మీలు. 2023లో అమెరికాలో 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ మీద రాసిన లెక్కకూ లోపలి మందుకూ పొంతన లేదు. ఒకదాంట్లో అసలు మెలటోనిన్నే లేదు. మెలటోనిన్ చెడ్డదని కాదు, కొందరు పిల్లలకు డాక్టర్లే రాస్తారు. దాన్ని చాక్లెట్‌లా చేసి అమ్మడమే నాకు ఒళ్లుమంట. ఏడీహెచ్‌డీకి మంచివని చేపనూనె మాత్రలు అంటగట్టే చుట్టాలు కూడా మీకు తగులుతారు. వాటితో వచ్చే మార్పు కొంచెమే, డాక్టరిచ్చిన మందు ఆపి వాటిని వేయకండి.

అన్నట్టు, బాబు ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మందు వాడుతున్నాడా? వాడుతుంటే ఏ టైంకు ఇస్తున్నారు? సాయంత్రానికి జరిగితే దానివల్లే నిద్ర పట్టకపోవచ్చు. టైం మీరే మార్చేయకండి, రాసిన డాక్టరునే అడగండి.